మీసానికి మినహాయింపు

బట్టలు మార్చుకునే గదిలో, బీరువాల పక్క గోడకి ఆ సోమవారం ఒక కాగితం అంటించారు. మగ నర్సుల జుట్టు కాలరు దాటకూడదు, గోళ్లు పెరగకూడదు, చేతికి ఉంగరాలూ గడియారాలూ ఉండకూడదు అని నాలుగైదు వరసలు. అవన్నీ పాత సంగతులే. చివరి వరస మాత్రం కొత్తది. పది రోజుల్లోగా అందరూ గడ్డం, మీసం తీసేసి నున్నటి మొహంతో రావాలి.

కాలిన గాయాల వార్డులో మగ నర్సులు ముగ్గురు. ఇద్దరు ఆ సాయంత్రమే గీయించేసుకున్నారు. వాళ్లలో తాటిచెట్టు అని అందరూ పిలిచే పొడుగాటివాడు, తన మొహం ఎవరి దగ్గరో అద్దెకి తెచ్చుకున్నట్టుందని తనే నవ్వుకున్నాడు. మూడోవాడికి అక్కడ పదకొండేళ్ల సర్వీసు. వార్డంతా పెద్దన్న అంటారు. అతను ఆ కాగితం రెండుసార్లు చదివి, మాస్కు ముక్కు మీదికి లాక్కుని రోగుల దగ్గరికి వెళ్లిపోయాడు.

పెద్దన్న గ్రహణం మొర్రితో పుట్టాడు. చీలిన పై పెదవిని పసితనంలోనే కుట్టారు. కుట్టు మానింది గానీ పెదవి ఒక పక్కన పైకి లాగి పట్టినట్టు ఉండిపోయింది. బళ్లో పదేళ్లూ అతనికి మొర్రోడు తప్ప వేరే పేరు లేదు. మీసం దట్టపడ్డాక దాని మీద కత్తెరే తప్ప కత్తి పడనివ్వలేదు. పెళ్లికి ముందు భార్యకి సంగతి చెప్పాడు గానీ, పెళ్లైన ఎనిమిదేళ్లలో ఆవిడా ఎన్నడూ చూడలేదు.

మినహాయింపు కావాలంటే అర్జీ పెట్టుకోవచ్చని కాగితం అడుగున ఉంది. ఆఫీసులో ఆ ఫారం అడిగి తెచ్చుకున్నాడు. కారణం వివరంగా రాయాలి. డాక్టరు సర్టిఫికెట్ జతచేయాలి. మొహం స్పష్టంగా కనబడే ఫోటో అంటించాలి. ఆపైన ముగ్గురు పెద్దల ముందు నిలబడాలి. దాచుకోవడానికి అనుమతి కావాలంటే ముందు అందరికీ చూపించాలన్నమాట. ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

చివరికి ధైర్యం చేసి నర్సింగ్ సూపరింటెండెంట్ గదికి వెళ్లాడు. ఆవిడ కొత్తగా వచ్చింది. ఖచ్చితమైన మనిషే గానీ చెడ్డది కాదు. ఇదివరకు పనిచేసిన చోట గడ్డం వల్ల మాస్కు బిగుతుగా పట్టక ఒక నర్సు జబ్బుపడి చావు అంచులదాకా వెళ్లొచ్చాడట. మీసం మాస్కు లోపలే ఉంటుంది కదా, గాలి దూరదు కదా అని పెద్దన్న అడిగాడు. అది నిజమేనని ఆవిడ ఒప్పుకుంది. కానీ ఒకరికి వదిలితే రోజూ అందరి మీసాలూ కొలుచుకుంటూ కూర్చోవాలంది.

"వేరే కారణం ఏమన్నా ఉందా? ఉంటే చెప్పండి" అని అడిగింది.

మాట నాలిక చివరిదాకా వచ్చింది. పక్కనే గుమాస్తా కాగితాలు సర్దుతున్నాడు.

"ఏం లేదు మేడమ్."

మీసం ఇంకా ఎందుకు తీయలేదని ఎవరన్నా అడుగుతారని ఆ వారమంతా పెద్దన్న మాస్కు తీయలేదు. దుప్పట్లూ దిండు గలీబులూ పెట్టే గదిలో తలుపు వేసుకుని, గోడవైపు తిరిగి అన్నం తిన్నాడు. వేరే వార్డుకి మారదామంటే రూలు ఆసుపత్రి మొత్తానికీ ఉంది. ఉద్యోగం మానేద్దామంటే ఎందుకు మానేశావని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఎటు తిరిగినా అదే గోడ.

పదో రోజు పొద్దున గీసేసుకున్నాడు. భార్య తువ్వాలు పట్టుకుని స్నానాలగది గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"ఇంతేనా? ఇన్నాళ్లూ ఇంకేదో ఊహించుకుని భయపడ్డానండీ" అంది.

ఆవిడ ఊరటతోనే అంది. ఎనిమిదేళ్లు తన పక్కనే పడుకుని ఆవిడ దేన్ని ఊహించుకుందో అన్న ఆలోచన అతన్ని దారి పొడుగునా వదలలేదు.

డ్యూటీ మొదలయ్యే ముందు అందరినీ వరసలో నిలబెట్టి మాస్కులు తీయించారు. అతని దగ్గరికొచ్చి సూపరింటెండెంట్ ఆగిపోయింది. మొహం మెత్తబడింది.

"అయ్యో, ముందే చెప్తే ఇచ్చేదాన్ని కదా" అంది, వరసలో అందరికీ వినబడేలా.

తాటిచెట్టు తన బూట్లవైపు చూసుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా గోడ మీద ఇంకో కాగితం వెలిసింది. పై పెదవి వైకల్యం కారణంగా కాలిన గాయాల వార్డు సీనియర్ నర్సుకి మీసం విషయంలో మినహాయింపు ఇవ్వడమైనది. మందుల గదివాళ్లు కూడా వచ్చి చదువుకుని వెళ్లారు. అందరూ ఒక్కసారిగా మంచివాళ్లయిపోయారు. అడక్కుండానే టీ తెచ్చిచ్చారు. తాటిచెట్టు అతని ముందు జోకులు మానేశాడు. ఆ మంచితనం మధ్య పెద్దన్నకి ఊపిరాడలేదు.

మళ్లీ సూపరింటెండెంట్ గదికే వెళ్లాడు. "నాకు మినహాయింపు వద్దు మేడమ్."

"మీ మంచికే ఇచ్చాను."

"తెలుసు. కానీ ఇప్పుడు పెంచితే ఎందుకు పెంచానో అందరికీ తెలుసు. పెంచకపోతే కనబడుతుంది. నాకు రెండూ ఒకటే."

ఆవిడ లేచి, తనే వెళ్లి ఆ కాగితం చింపేసింది. గోడకి అంటించకుండా ఉండాల్సిందని ఒప్పుకుంది. అప్పటికే చదవాల్సినవాళ్లంతా చదివేశారు.

సాయంత్రం, చెయ్యి కాలి చేరిన ఒక ముసలి డ్రైవరుకి కట్టు మారుస్తున్నాడు. పాత కట్టు విప్పి, శుభ్రమైన గ్లవ్స్ తొడుక్కున్నాక మాస్కు తాడు తెగి గడ్డం కింద వేలాడింది. ఆ చేతులతో మొహం ముట్టుకోకూడదు. పుండు మీద ఊపిరి పడకూడదు. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు గాల్లో పైకెత్తి, వార్డు నడిమధ్య నిలబడ్డాడు. మాస్కు కట్టమని తాటిచెట్టుని పిలిస్తే, రెండు నిమిషాల్లో వస్తానన్నాడు.

డ్రైవరు కూతురు చూసి, చప్పున కిటికీవైపు తిరిగింది. డ్రైవరు మాత్రం తేరిపార చూశాడు.

"ఎప్పటిది బాబూ అది?"

పారిపోవడానికి దారి లేదు. కప్పుకోవడానికి చెయ్యి లేదు.

"పుట్టినప్పటిది" అన్నాడు పెద్దన్న. ఆసుపత్రిలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ముసలాయన తలూపి, తన చేతికేసి చూసుకున్నాడు. ఇది మానడానికి ఇంకెన్నాళ్లు పడుతుందని అడిగాడు. మూడు వారాలు పట్టచ్చని పెద్దన్న చెప్పాడు. ఈలోగా తాటిచెట్టు వచ్చి కొత్త మాస్కు కట్టాడు. పెద్దన్న వంగి, తడి గాజుగుడ్డ అందుకున్నాడు.