ఐదు వేళ్ల చిటికె

మా ఇంట్లో సముద్రం మూడున్నర అడుగుల పొడవుంటుంది. ఆ గాజుతొట్టి మా ఆవిడది. అందులో ఉప్పునీళ్లు, నాలుగు చేపలు, మెదడులా మడతలున్న, ప్రాణమున్న ఒక మెదడు పగడం. గోరంత ముక్క తెచ్చి, ఆరేళ్లు సాకి, అరచేయంత చేసింది. ఇంటి మొత్తానికి మెదడున్నది దానికొక్కదానికే అని ఆవిడ నమ్మకం.

ఆఫీసు పనిమీద మూడు వారాలు వెళుతూ, "రోజుకు ఒక్క చిటికె మేత. నువ్వే వెయ్యి. పగడం జాగ్రత్త" అంది.

రెండో వారానికి రాళ్లమీద పచ్చటి జుట్టు మొలిచింది. నా నెత్తిన రాలిందంతా అక్కడ తేలిందనుకున్నాను. మూడో వారానికి అది పగడాన్ని కప్పేసింది. ఒక అంచు సున్నంలా తెల్లబడింది. ఆవిడ రావడానికి ఇంకా రెండు రోజులే. అది నాచు కాదు, నా చావు.

తొట్టికి ఉప్పూ సామాన్లూ అమ్మే దుకాణదారుణ్ని అందరూ ఉప్పు డాక్టరంటారు. ఫోన్ చేసి, అతని ఉప్పే కల్తీదని నాలుగు తిట్లు అంటించాను. అతను దుకాణం మూసి, రెండు క్యాన్ల ఉప్పునీళ్లు మోసుకుంటూ మూడంతస్తులెక్కి వచ్చాడు.

పరీక్ష గొట్టంలో మందు కలిపిన తొట్టినీళ్లు బీట్‌రూట్ రంగుకు తిరిగాయి, నీళ్లు పాడయ్యాయని గుర్తట.

"మేత ఎవరేస్తున్నారండీ?"

"నేనే. పొద్దున ఒక్క చిటికె" అన్నాను.

మాతోనే ఉండే మా మామగారు చదువుతున్న పేపరు మడిచారు. "సాయంత్రం నేనూ వేస్తున్నా బాబూ. అవి గాజుకు మూతులానించి చూస్తుంటే ప్రాణం ఒప్పలేదు. అల్లుడుగారు మరిచిపోయారేమో, అడిగితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నా."

నేను గొంతు సవరించుకున్నాను. "ఆఫీసు నుంచి రాగానే నేనూ ఇంకో చిటికె... మనం తిని వాటిని పస్తుంచడం బాగోదని."

"చిటికె ఏదీ, చూపించండి" అన్నాడు డాక్టరు. మామగారు ఐదు వేళ్లూ కలిపి చూపించారు.

"పెద్దాయనా, అది పిడికెడండీ. చేపలు వదిలేసిందంతా కుళ్లి నాచుకు ఎరువైంది. మీరిద్దరూ పెంచింది చేపల్ని కాదు, తోటని."

నా చేతికో టూత్‌బ్రష్ ఇచ్చాడు. పాచిపళ్లు తోమాను గానీ, పాచిరాళ్లు తోమడం అదే మొదలు. ఊడిన నాచును పైపుతో బకెట్లోకి లాగే పని మామగారిది. పగడాన్ని మాత్రం డాక్టరు ఎవరినీ తాకనివ్వలేదు. చంటిదాని తల్లో పేలు తీసినట్టు ఒక్కొక్క పోగూ తీశాడు. మూడు గంటలు పట్టింది.

"ఫోన్లో నేనన్న మాటలు..." అన్నాను.

"ముందు బకెట్ చూడండి, పొర్లుతోంది." తెచ్చిన నీళ్లు తొట్టిలో పోసి, దీపాలు తగ్గించాడు. "రేపు మేత వద్దు. ఎల్లుండి సాయంత్రానికి పగడం విచ్చుకుంటే బతికినట్టు."

ఆ ఎల్లుండే ఆవిడ వచ్చింది. గుమ్మంలోనే ఇద్దరం పోటీపడి తప్పొప్పుకున్నాం.

"ప్రేమతో చంపబోయారన్నమాట" అని, భుజాన సంచీ దించకుండానే తొట్టి ముందు కూర్చుంది. వెలుగు వాలే వేళకు పగడం మడతల్లోంచి సన్నటి తంతువులు ఒక్కొక్కటీ పైకి లేచాయి. తెల్లబడ్డ అంచు అలాగే ఉంది. మిగతాదంతా విచ్చుకుంది.

"ప్రాణముంది" అంది ఆవిడ. మామగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి డాక్టరు దుకాణం ముందు నిలబడ్డాను. క్షమాపణగా చెబుదామని ఉప్పు మీద దారి పొడుగునా కూర్చుకున్న చమత్కారాల్లో, అతను ఎదురుపడేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"బతికింది" అన్నాను.

"తెలుసు. లేకపోతే మళ్లీ ఫోన్ చేసి తిట్టేవారుగా" అని తాళం తీశాడు. "ఈ షట్టరు కాస్త ఎత్తి పుణ్యం కట్టుకోండి. మొన్న మీ మెట్లెక్కినప్పట్నుంచీ మోకాలు సలుపుతోంది."

రెండు చేతులా ఎత్తాను.