షెహజాదీ వాళ్ల పళ్లెం

మా అమ్మమ్మ విద్యావతితో కలిసి ఈ పరాయి దేశంలో, మేముండే గంగాలిన్‌లో ట్రామ్ ఎక్కాలంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది. తలకు స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయి నోట తెలుగు వినబడిందా, ఇక అంతే. "మీది చీరాలేనా తల్లీ?" అని అడిగేస్తుంది. వాళ్లలో ఎక్కువమంది హైదరాబాదు వాళ్లు, నవ్వి ఊరుకుంటారు. అమ్మమ్మ మొహం చిన్నబోతుంది.

ఈ గోలంతా ఒక ఇత్తడి పళ్లెం కోసం. అది పోయి కాదు, మా దగ్గరే ఉండిపోయి.

అమ్మమ్మ తండ్రి సుందరరామయ్యగారు చీరాలలో కోదండరామ బ్యాంకు పెట్టారు. మొదటి యుద్ధం ముగిసిన కొత్తలో బట్టల కొట్టు అరుగు మీద మొదలై, పదేళ్లు తిరక్కుండా మేడ కట్టి, బాపట్లలో, రేపల్లెలో బ్రాంచీలు తెరిచింది ఆ బ్యాంకు. నేతగాళ్ల నుంచి ప్లీడర్ల దాకా ఆయన మొహం చూసి డబ్బు దాచుకున్నారు. పక్కింటి తోళ్ల వ్యాపారి హమ్జా సాహెబు అయితే ఉన్నదంతా అక్కడే పెట్టారు. ఆయన కూతురు షెహజాదీ, మా అమ్మమ్మ ఒకే గోడకు అటూ ఇటూ పెరిగారు.

రంజాన్‌కి ఆ ఇంటి నుంచి పళ్లెం వచ్చేది. మాది మడి ఇల్లు కాబట్టి వండింది పంపేవారు కారు. సేమియా, చక్కెర, ఖర్జూరం, జీడిపప్పు విడిగా పంపితే మావాళ్లు కాచుకునేవారు. పళ్లెం ఖాళీగా తిప్పి పంపకూడదని మావాళ్ల పట్టింపు. పళ్లో పిండివంటలో పెట్టి పంపేవారు.

ఒక ఏడాది ధరలు పడిపోయి, అప్పులు తీసుకున్న వ్యాపారులు చేతులెత్తేశారు. సంగతి బయటికి పొక్కింది. జనం బ్యాంకు మెట్ల మీద విరుచుకుపడ్డారు. రంజాన్ వెళ్లిన వారంలోనే తలుపులు మూతపడ్డాయి. ఇల్లు జప్తుకు వచ్చిన రోజు, వచ్చిన పళ్లెంలో పెట్టి పంపడానికి గుప్పెడు బియ్యం కూడా లేవు. ఉత్త పళ్లెం పంపడానికి అమ్మమ్మ వాళ్లమ్మకు చేతులు రాలేదు. దాన్ని మూటలో వేసుకునే ఊరు విడిచారు.

"డబ్బూ తిన్నారు, పళ్లెమూ తిన్నారు అనుకుని ఉంటుందే షెహజాదీ!" అని తొంభై దాటిన మనిషి ఇప్పటికీ ఏడుస్తుంది. ఏడుపు చూడలేక నాకు కోపం వస్తుంది.

పోయిన చలికాలం పక్క ఫ్లాట్‌లో తాజ్ దిగింది. యూనివర్సిటీలో చదివి ఇక్కడే ఉద్యోగంలో కుదిరిన పిల్ల. ఊరు చీరాల! అమ్మమ్మ కథంతా విని, వాళ్లమ్మకు ఫోన్ చేసి ఆరా తీసింది.

"మామ్మగారూ, ఆ షెహజాదీగారు పోయి చాలా ఏళ్లయిందంట. వాళ్లోళ్లు ఎవరూ ఇప్పుడు ఊళ్లో లేరంట."

అమ్మమ్మ లేచి, పళ్లెం చింతపండు పెట్టి తోమి, నిండా కమలాపళ్లు పేర్చింది.

"ఆ ఊరి పిల్లవి. నువ్వే తీసుకో తల్లీ."

మళ్లీ రంజాన్ వచ్చింది. తాజ్ అదే పళ్లెం పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. అందులో సేమియా, ఖర్జూరం, జీడిపప్పు.

"నీరజక్కా, మమ్మీతో చెక్ చేశా. మీకు వండకుండానే ఇయ్యాలంట కదా. కరెక్టేనా?"

కరెక్టే. నేను మురిసిపోయాను. అమ్మమ్మ మాత్రం సేమియా నిమురుతూ కూర్చుంది.

"షెహజాదీ గోడెక్కి కూర్చుని, గిన్నెతో సేమియా పాయసం తాగుతూ ఊరించేదే. ఒక్క గుక్క పొయ్యవే అంటే, మీ అమ్మ తిడుతుందని పోసేది కాదు." తాజ్ వైపు తిరిగింది. "ఇవి మీ పొయ్యి మీదే కాయమ్మా. నేనక్కడికే వస్తా."

"మరి మడి, అమ్మమ్మా?"

"ఇంకా ఎవరి కోసమే?"

వాకర్ పట్టుకుని బయలుదేరింది. పళ్లెం మోస్తూ నేను వెనకాల నడిచాను.

తాజ్ కిచెన్‌లో నెయ్యి వాసన. అమ్మమ్మ గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఊదుకుని, ఒక గుక్క తాగింది. కళ్లు మూసుకుంది.

"ఇంత బాగుంటుందని చెప్పలేదేమే, షెహజాదీ!"