మంచు బరువుకు వేసిన లైను

జనవరిలో ఇంటికప్పు మీది మంచు తోస్తూ జారిపడి నాన్న కాలు విరిగింది. అప్పటినుంచి నేలంతా చాపలు పరిచిన గదిలో వెల్లకిలా పడుకుని పైకప్పు పలకల్నే చూస్తుండేవాడు. ముప్ఫై ఏళ్లు రైలు పట్టాలు సరిచేసిన మనిషి. ఏమడిగినా ఊఁ, ఊహూఁ తప్ప మాట లేదు.

ఆయన కొనుక్కున్న బొమ్మ రైళ్లు అలమరలో ఎనిమిది అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఒక్కటీ నడవలేదు. మా ఇంట్లో పగలు భోజనాల బల్ల, రాత్రి పరుపులు. లైను వెయ్యడానికి నేలేది?

"పైన వేస్తాను నాన్నా," అన్నాను.

"పైకెక్కితే ఏమవుతుందో నన్ను చూశాక కూడా తెలియలేదా, ఇకుమీ?" అన్నాడు. మళ్లీ తనే, "పది చుట్లు పట్టా తప్పకుండా తిరిగితే ఉంచు. తప్పితే ఆ రోజే ఊడదీసెయ్. నన్ను చూడ్డానికొచ్చేవాళ్లు నవ్వుతారు," అన్నాడు.

ఆ పది చుట్లు నాకు కావాలి. ఆయన ఉత్త పలకల్ని చూస్తూ ఉండటం నేను చూడలేకపోయాను.

పైకప్పు పలకలు అట్టల్లా పలచన, బరువు మోయవు. అలమర పైపలక జరిపి, ఆ పలకలకూ ఇంటికప్పుకూ మధ్య సందులోకి దూరి, దుమ్ములో పాకుతూ కప్పును మోసే దూలాన్ని చేరుకున్నాను. దానికి ఆరు తీగలు కట్టి పలకల సందుల్లోంచి వదిలాను. తలుపుల పైన పోయే చెక్కపట్టీ మీద మూడు గోడల వెంట లైను. నాలుగో వైపు నాన్న పరుపు మీదుగా తీగలకు వేలాడే వంతెన. చక్రాలు ఆయనకు కనబడేలా వంతెనను సన్నటి చెక్క బద్దలతో చేశాను. మూడు వారాలు పట్టింది. శనివారం రసమట్టం పెట్టి చూస్తే బుడగ మధ్యనుంచి కదల్లేదు. నాన్న కునుకు తీస్తుండగా ఎర్ర రైలొకటి నడిపితే పది చుట్లూ తిరిగింది.

ఆదివారం ఉదయం పక్కింటి బాబాయ్ మనుషుల్ని తెచ్చి మా కప్పు మీది మంచునంతా దించాడు. టీ తాగుతూ నాన్న పక్కన కూర్చున్నాడు.

"అన్నయ్యా, మంచు మేం దించాం. నువ్వు ముందే దిగిపోయావుగా!"

నాన్న నవ్వలేదు. "నడుపు," అన్నాడు నాతో.

రెండో చుట్టులో ఎర్ర రైలు వంతెన మధ్యకొచ్చేసరికి మూలిగింది. ఆఖరి పెట్టె ఊడి, వెనక్కి జారి, నాన్న దుప్పటి మీద పడింది.

"ఇదీ మీ నాన్న దారే పట్టింది!" అన్నాడు బాబాయ్.

"ఊడదీసెయ్," అన్నాడు నాన్న.

నేను ఊడదీయలేదు. రసమట్టం పెట్టాను. వంతెన నడుము పైకి లేచి ఉంది. నిన్న లేదు. స్టూలు కోసం పక్క గదిలోకి వెళ్తూ తలుపు జరిపాను. నెలరోజులుగా భుజంతో తోస్తే తప్ప కదలని తలుపు వేలితో జరిగింది.

"నాన్నా! మంచు బరువు పోయి దూలం లేచింది. నేను కుంగిన దూలానికి మట్టం పెట్టాను."

"ఈ ఊళ్లో పుట్టి అది మర్చిపోయావా తల్లీ!" బాబాయ్ తల కొట్టుకున్నాడు.

నాన్న తల కాస్త ఎత్తాడు. "ఎంత లేచింది?"

"చిటికెనవేలి మందం."

"చలికి నేల పొంగితే ఉబ్బుకు రెండు వైపులా పట్టాల కింద చెక్కలు పెట్టి వాలు సాగదీసేవాళ్లం. చాకు ఇలా ఇవ్వు. అన్నం తినే చెక్కపుల్లలు కూడా."

పడుకునే ఉండి వాటిని చెక్కాడు. "ఇది మొదటిది, పలచన. ఇది దాని తర్వాత. కంగారుపడకు, గోడ దగ్గర్నుంచి రా." ఆయన చెప్పిన చోటల్లా పెట్టాను.

మళ్లీ నడిపాను. నాన్న పైకి లెక్కపెట్టాడు. ఏడో చుట్టులో రైలు కాస్త తడబడింది. ఎనిమిది. తొమ్మిది. పది.

బాబాయ్ చప్పట్లు కొట్టాడు.

"పాసు కాలేదు," అన్నాడు నాన్న.

"పదీ తిరిగిందిగా!"

"ఇది మంచు లేనప్పటి లెక్క. ఎల్లుండి మళ్లీ పడుతుందట. దూలం కుంగాక చెక్కలు తీసి మళ్లీ పది చుట్లు చూడాలి."

మిగిలిన చెక్కముక్కల్ని దిండు కిందికి తోసుకున్నాడు.

"నేను చూడకుండా ఒక్కటీ తియ్యకు."