బ్రేకు మీద హన్నమ్మ కాలు

"కారుకేమన్నా కడుపునొప్పా?" హన్నమ్మ మూడోసారి అడిగింది. ఆమె చేతిలో ఖాళీ ఆముదం సీసా ఉంది.

"కాదంటాండా కదా. దొరల కాలంలో బ్రేకులకు ఆముదమే కలిపేవాల్లంట." భర్త రాజరత్నం రొట్టె తుంచుతూ తల ఎత్తలేదు.

"ఇంగేం, మధ్యాన్నానికి నాలుగు చక్రాలూ చెంబు పట్టుకొని పరిగెత్తుతాయి."

కోడలు సలోమి నోట్లో కొంగు కుక్కుకొని వంటింట్లోకి పారిపోయింది.

హెడ్మాస్టరుగా రిటైరైన రాజరత్నం, సున్నిపెంటలో ఒక ఇంజనీరు అమ్మేసిన పాత అంబాసిడరును కొని రెండు నెలలైంది. ఆయన తప్ప ఇంట్లో ఇంతవరకు ఒక్కరూ అందులో కూర్చోలేదు. మొదటి వారమే నంద్యాల సంతలో బ్రేకు నేలదాకా దిగిపోయి, కారు వెళ్లి జొన్నచొప్ప బండిలో ముక్కు పెట్టి ఆగింది. ఆదివారం ఆళ్లగడ్డలో హన్నమ్మ చెల్లెలు లూదియా కూతురి ప్రధానం. ఇంటిల్లిపాదినీ కారెక్కించుకొని తోడల్లుడి వాకిట్లో దిగాలని రాజరత్నం ఆశ. ఆయన కార్లో రావచ్చు, మేము మాత్రం బస్సులోనే అని హన్నమ్మ పట్టు.

"సరే, నూనె మొత్తం మార్పిస్తా. అప్పుడన్నా వస్తావా?"

"సూద్దాం."

మెకానిక్ కొండయ్య వచ్చి, బ్రేకు నూనె మూత తీసి, వేలు ముంచి వాసన చూశాడు.

"ఎవరు పోసినారు సార్ ఇది?"

రాజరత్నం ఎదురింటి గోడ వైపు చూశాడు. హన్నమ్మ సీసా ఎత్తి చూపించింది.

రాజరత్నం తెచ్చిపెట్టిన రెండు డబ్బాల్లో సగం వాడినదాన్ని కొండయ్య పక్కకు నెట్టాడు. "మూత తీసిన డబ్బా గాల్లో తేమ తాగుతాది సార్. బ్రేకు కాగినప్పుడు ఆ నీళ్లు ఆవిరైతే మీ కాలి కింద ఏమీ ఉండదు. పాత బండి, పాత రబ్బర్లు. దీనికని రాసుండే రకం, సీలు తీయంది, అదే పోయాల."

"మరి ఆముదం?"

"అది మీ మనవరాండ్లకు తాపండి."

పని ముగ్గురిది. కొండయ్య చక్రం దగ్గర పడుకొని నూనె వదిలే మర వదులు చేస్తే ఒకరు బ్రేకు తొక్కి పట్టాలి. పాత నూనె, దాంతోపాటు గాలి, గొట్టంలోంచి గాజు సీసాలోకి దిగుతాయి. మర బిగించాకే కాలు తీయాలి. రాజరత్నం కొత్త నూనె పోస్తూ ఉండాలి. కొడుకు ఏలీయా బడికి పాఠాలు చెప్పడానికి పోయాడు. సలోమి పొయ్యి దగ్గరుంది. మిగిలింది హన్నమ్మ.

"నేనా?"

"చర్చిలో ఇరవై ఏండ్లుగా కాళ్ల హార్మోనియం తొక్కుతాండావు. ఇదెంత?"

అదే కొంప ముంచింది. "తొక్కమ్మా" అన్నాడు కొండయ్య. తొక్కింది. "పట్టుకోమ్మా" అనేలోగా కాలు దానంతటదే లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ఇరవై ఏళ్లుగా గాలి కొడుతున్న కాలికి ఒకచోట ఆగడం తెలియదు. పోయిన గాలికన్నా బ్రేకు మింగిన గాలే ఎక్కువైంది. సీసాలో బుడగలు గుబగుబలాడాయి.

"అమ్మా, ఆరాధన కాదమ్మా ఇది!" కారు కింద నుంచి కొండయ్య మొరపెట్టుకున్నాడు.

"నేనేం జేసేది? కాలు ఇంటాందా!"

డబ్బాలో నూనె సగానికి వచ్చింది. సలోమి చేతులు తుడుచుకుంటూ వచ్చి, తెరిచిన తలుపు దగ్గర గొంతుక్కూర్చొని, అత్త మోకాలిని రెండు చేతులతో అదిమి పట్టింది.

"ఓయమ్మ! చక్కిలిగింతే, ఇడువు!"

"ఇడ్సగూడదంట అత్తా, కొండయ్యన్న చెప్పేదాకా!"

హన్నమ్మ నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద వాలిపోయింది. హారను మోగింది. కింద కొండయ్య ఉలిక్కిపడి తలను కారు అడుగుకు కొట్టుకున్నాడు. రాజరత్నం నూనె చెప్పు మీద పోసుకున్నాడు. మనవరాళ్లిద్దరూ సీసా ముందు బోర్లా పడుకొని బుడగకొక కేక పెట్టారు.

నాలుగో చక్రానికి కేకలు ఆగిపోయాయి. తేటనూనె ఒక్కటే దిగుతోంది. కొండయ్య మర బిగించి, "ఇప్పుడు తొక్కి సూడమ్మా" అన్నాడు.

హన్నమ్మ తొక్కింది. కొంచెం దిగి ఆగింది. ఇంకా బలంగా తొక్కింది. రాయి. సలోమిని చేతులు తీయమని, రెండు కాళ్లూ పెట్టి, సీట్లోంచి పైకి లేచేదాకా తొక్కింది. కదల్లేదు. ఎవరినీ చూడకుండా మరో రెండుసార్లు తొక్కి చూసుకుంది. రాజరత్నం డబ్బాకు మూత బిగిస్తూ ఆమె కాళ్ల వైపే చూశాడు.

సాయంత్రం ఏలీయా వచ్చాక అందరూ అన్నాలకు కూర్చున్నారు.

"అమ్మా, ఆదివారం బస్సు ఎన్ని గంటలకు?"

హన్నమ్మ భర్త పళ్లెంలో పప్పు వేస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"అందరం కార్లోనే పోతాండాం. ముందు సీట్లో నేను."