వెనక్కి తిరిగిన సీటు

తాడు మంచిచెడ్డలు తడిగా ఉన్నప్పుడే తెలుస్తాయి. అతను రేవు చెక్కల మీద గొంతుక్కూర్చుని, డెబ్బై అయిదు అడుగుల తాడును బకెట్‌లోంచి తీసి, రెండు వేళ్ళ మధ్యగా జానెడు జానెడు లాగుతున్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. పోగు తెగిన చోట వేలికి ముల్లు తగిలినట్టు చురుక్కుమంటుంది. నలభై అడుగులు దాటాక ఒకచోట చురుక్కుమంది. అక్కడ ఎర్ర దారం ముడేశాడు, మధ్యాహ్నం కోసి మళ్ళీ అల్లడానికి గుర్తుగా.

ఎడమ భుజం లాగింది. రాత్రి నుంచీ లాగుతూనే ఉంది. తాడు కింద పెట్టి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకున్నాక చెయ్యి ఒకసారి గిరగిరా తిప్పుకున్నాడు. జెండా ఎత్తే చెయ్యి అది. నొప్పంటూ ఉంటే దానికే ఉండాలి.

స్పీడుబోటు నడిపేవాడు ముందుకు చూడాలి. వెనక తాడు పట్టుకుని నీళ్ళ మీద జారుతూ వచ్చేవాణ్ణి చూడటానికి ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి అతను. డ్రైవరు సీటుకు వీపు ఆనించి, బోటు పోయే దిక్కుకు వెనక్కి తిరిగి ఉండే సీటు అతనిది. ఇరవై ఆరేళ్ళు ఆ సీట్లో కూర్చుని, ఎటు పోతున్నాడో చూడకుండా, దేన్ని వదిలిపోతున్నాడో మాత్రమే చూస్తూ పనిచేశాడు. అందుకే రేవులో అతనికి వెనకచూపు అని పేరు పడిపోయింది. అసలు పేరు జీతం కాగితాల్లో ఉండేది.

ఆ పనికి మాటలు అక్కర్లేదు. ఇంజను హోరులో వినబడవు కూడా. డ్రైవరు భుజం మీద ఒకసారి తడితే మనిషి పడ్డాడని. రెండుసార్లు తడితే నెమ్మదించమని. మూడుసార్లు తడితే వేగం పెంచమని. అసలు తట్టకపోతే అంతా బాగున్నట్టు. మనిషి నీళ్ళలో పడగానే సీటు కింద క్లిప్పులో ఉండే నారింజ జెండా తీసి ఎత్తి పట్టుకోవాలి, ఇంకో బోటు వచ్చి ఆ తల మీదకి ఎక్కకుండా.

ఇన్నేళ్ళూ గాలి అతని వీపుకే తగిలింది, పొగ ముఖానికి తగిలింది. మెడ కొయ్యబారిపోయింది. నీళ్ళ మీది ఎండ చూసి చూసి రెండు కళ్ళలోనూ ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు దాకా తెల్లటి కండ పాకింది. అతని భార్య బట్టలుతికే దుకాణంలో ఇస్త్రీ పని చేస్తుంది. ఆవిడ నోరు కూడా ఇస్త్రీపెట్టెలాంటిదే, తగిలితే కాలుతుంది గానీ ముడత పోతుంది. ఆ పొద్దున కూడా అతని చొక్కా మీద పెట్టె నడిపిస్తూ, "జనం సరదా చూసి చూసి నీకు కళ్ళలో కండ పెరిగింది గానీ ఒంట్లో పెరగలేదు" అంది. భుజం ఎందుకు పట్టుకున్నావని అడిగింది. పడక సరిగ్గా లేదన్నాడు. వెనక్కి కూర్చుని సంపాదించేవాడు ముందుకెలా పోతాడు, అని మామూలుగా అనే మాట అనేసి, డబ్బాలో రెండు రొట్టెలు ఎక్కువ పెట్టింది.

మనుషులు నీళ్ళ మీదకి ఎందుకొస్తారో అతనికి తెలిసినంత వాళ్ళకే తెలియదు. స్పీడుబోటు వెనక తాడుకు కట్టి లాగే బనానా బోటు మీద అయిదుగురు వరసగా ఎక్కుతారు. గుర్రమెక్కినట్టు కాళ్ళు చెరోవైపు వేసుకుని పట్టు బిగిస్తారు. వాళ్ళకు కావలసింది పడటం. పడెయ్యకుండా ఒడ్డుకు చేరిస్తే మోసపోయినట్టు ముఖాలు పెడతారు. నీళ్ళ మీద మోటారుసైకిల్లా పోయే జెట్ స్కీ ఎక్కేవాళ్ళు వేరు. వారమంతా ఎవరి దగ్గరో తలూపి వచ్చినవాళ్ళు. తమ తరఫున ఏదో ఒకటి గట్టిగా అరిస్తే చాలు వాళ్ళకి. గాలిగొడుగు కట్టుకుని పైకి లేచేవాళ్ళ పాదాలు మొదట నేల కోసం వెతుక్కుంటాయి. కాసేపటికి వెతకడం మానేస్తాయి. దిగాక వాళ్ళు చాలాసేపు నెమ్మదిగా మాట్లాడతారు. గురువారం గురువారం ఒక పెద్దావిడ వచ్చి కయాక్ తీసుకుంటుంది. నడిమధ్యకు పోయి, తెడ్డు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని గంటసేపు ఊరికే కూర్చుంటుంది. ఆవిడకు కావలసింది పడవ కాదు, ఎవరూ పిలవని చోటు.

కాళ్ళకు పలకలు తొడుక్కుని తాడు పట్టుకుని జారే స్కీ మాత్రం అతనికి మిగతా వాటి పక్కన పెట్టబుద్ధి కాదు. నీళ్ళు మనిషిని నిలబడనివ్వవు. నిలబడనివ్వని దాని మీద నిలబడాలి. అంతకు మించి అందులో ఏమీ లేదు.

అతను ఒకసారి నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పొద్దున ఎవరూ రాకముందు, అప్పటి పాత డ్రైవరు రారా అని తాడు విసిరాడు. నాలుగుసార్లు నీళ్ళు మింగాడు. అయిదోసారి కాళ్ళ కింద నీళ్ళు గట్టిపడ్డాయి, తారు రోడ్డులా. లేచాడు. మనసులో పదకొండు దాకా లెక్కపెట్టాడు. తరవాత పడ్డాడు. డ్రైవరు బోటు తిప్పుకొచ్చి, "ఈసారైనా లేచావా?" అని అడిగాడు. వెనక సీటు ఖాళీ. అందులో కూర్చుని చూడవలసినవాడు నీళ్ళలో ఉన్నాడాయె. అతను నిలబడ్డాడని చూసినవాళ్ళు లేరు. ఇంటికొచ్చి చెబితే కొత్త పెళ్ళికూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తరవాత ఎప్పుడు చెప్పినా కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. కొన్నాళ్ళకి చెప్పడం మానేశాడు.

పదింటికి యజమాని వచ్చాడు. ఆయన చేతిలో అట్టపెట్టె, పెట్టెలో వెడల్పాటి అద్దం. మెకానిక్కు దాన్ని బోటు ముందద్దం చట్రానికి నాలుగు మరలతో బిగించాడు. ఇకమీదట డ్రైవరే ముందూ వెనకా చూసుకుంటాడని యజమాని చెప్పాడు. కారుకు అద్దం ఉంటుంది గానీ వెనక్కి చూడటానికి మనిషిని పెడతామా, అన్నాడు. వెనకచూపును మరుగుదొడ్ల పక్కన బీరువాల తాళాలిచ్చే గదిలో వేస్తానన్నాడు. నీడపట్టున ఉంటావులే అని భుజం తట్టాడు. ఎడమ భుజమే.

అతను ఎప్పుడూ ఏదీ అడిగినవాడు కాదు. ఆ రోజు అడిగాడు. "సార్, పోటీలయ్యేదాకా ఉండనివ్వండి. ఆ పిల్లని నేను చూడాలి."

ఆ పిల్ల పదేళ్ళప్పుడు రెండు స్కీల మీద ఏడుస్తూ లేచింది. ఇప్పుడు పందొమ్మిది. ఒంటి స్కీ మీద, బోటుకు అటొకటి ఇటొకటిగా నీళ్ళలో తేలే ఆరు బంతుల చుట్టూ తిరుగుతుంది. పెద్ద పోటీకి పేరు పంపాలంటే పూర్తి వేగంలో ఆరూ తిరిగిందని బోటులోంచి చూసిన మనిషి కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. గడువు మర్నాటితో సరి. ఆ పిల్ల ఇప్పటిదాకా నాలుగు దాటలేదు. నాలుగే అని అతను ప్రతిసారీ నిజమే చెప్పాడు. ఒకసారి వాళ్ళ నాన్న పక్కకు పిలిచి ఆరని రాయమంటే, చూడంది ఎలా రాస్తానండీ అన్నాడు. అతని మాటకు విలువ ఉన్న చోటు ఈ భూమ్మీద అదొక్కటే.

యజమాని ఒక షరతు పెట్టాడు. ఆ రోజంతా బోటులో అద్దమూ ఉంటుంది, అతనూ ఉంటాడు. అద్దానికి కనబడనిది అతనికి ఒక్కటైనా కనబడిందని సాయంత్రం డ్రైవరు చెబితే సీటు ఉంటుంది. లేకపోతే తెల్లారి మెకానిక్కు దాన్ని విప్పేస్తాడు.

మధ్యాహ్నం అతను తాడు కోసి అల్లాడు. రొట్టెల్లో ఒకటి తిని మిగిలినవి డబ్బాలోనే ఉంచాడు. నాలుగింటికి ఏదో ఆఫీసువాళ్ళు అయిదుగురు బనానా బోటు ఎక్కారు. బోటు తూర్పుకు పోతోంది. పడమటి ఎండ మొత్తం అద్దంలో దిగి తెల్లగా మండుతోంది. వరసలో నాలుగోవాడు, బట్టతలాయన, చప్పుడు లేకుండా జారిపోయాడు. అతను డ్రైవరు భుజం మీద ఒకసారి తట్టాడు. డ్రైవరు ఉలిక్కిపడి అద్దంలోకి చూసి, కళ్ళు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, అప్పుడు వెనక్కి తిరిగాడు. అతను అప్పటికే జెండా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి మోచేతి దాకా మొద్దుబారింది. బట్టతలాయన్ని పైకి లాగేసరికి ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

రేవుకు వచ్చాక యజమాని అద్దం ఎలా ఉందని అడిగాడు. అతను మూడడుగుల దూరంలో తాడు చుడుతున్నాడు.

"బాగానే కనబడుతోంది సార్" అన్నాడు డ్రైవరు.

యజమాని వెళ్ళిపోయాడు. డ్రైవరు పెట్రోలు పోస్తూ పోస్తూ తల ఎత్తకుండా, "ఏమీ అనుకోకు బాబాయ్. ఎదురు చెబితే రేపు నా సీటుకీ ఏదో ఒకటి కొనుక్కొస్తాడు" అన్నాడు.

"నేనేం అనుకోలేదు" అన్నాడతను.

అనుకున్నాడు. అనుకున్నది నాలుక మీదకి రాకపోవడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆ రోజుకు చివరి తిరుగుడు ఆ పిల్లది. గాలి పడిపోయింది. నీళ్ళు పలకలా ఉన్నాయి. ఆ పిల్ల చేతులకు తొడుగులు బిగించుకుంటూ అతని వైపు చూసి, "అంకుల్, ఇవాళ కళ్ళార్పకండి" అంది.

"ఆర్పనులే" అన్నాడు.

బోటు ఊపందుకుంది. ఆ పిల్ల నీళ్ళు చీల్చుకుంటూ లేచి, బొటనవేలు పైకెత్తింది. అతను మూడుసార్లు తట్టాడు. వేగం పూర్తిగా అందింది. మొదటి బంతి. ఆ పిల్ల నీళ్ళ మీద దాదాపు పడుకుని తిరిగింది, మోచెయ్యి తడిసేంతగా. రెండు. ఎదురెండలో ఆ పిల్ల నల్లటి గీతలా ఉంది, వెనక లేచే నీళ్ళు గాజు గోడలా ఉన్నాయి. మూడో బంతి దగ్గర అతని రొమ్ములో ఎవరో తాడు బిగించి ముడేసినట్టయింది. దవడ దాకా లాగింది.

చెయ్యి ఎత్తబోయాడు. ఒక్కసారి తడితే చాలు, బోటు ఆగుతుంది. ఆగితే ఆ పిల్లకు ఈ తిరుగుడు ఉండదు, రేపటికి కాగితం ఉండదు. చెయ్యి మోకాలి మీదే ఉంచుకున్నాడు. ఆ పిల్ల నాలుగో బంతి తిరిగింది, ఎప్పుడూ తిరగనంత తేలిగ్గా, ముందే. తాడు సడలకుండా మళ్ళీ ఇటు దూసుకొచ్చింది. నాలుగూ అతను చూశాడు. అయిదోది సగం చూశాడు.

డ్రైవరు భుజానికి చెయ్యి తగల్లేదు. తట్టకపోతే అంతా బాగున్నట్టే. వెనక మనిషి ఉన్నాడన్న ధీమాలో డ్రైవరు ఎండ కొడుతున్న అద్దం వైపు చూడనే లేదు. ఆ పిల్ల ఆరో బంతి తిరిగి, పిడి వదిలేసి, నీళ్ళలోకి మెల్లగా కుంగి, రెండు చేతులూ పైకెత్తి అరిచింది. బోటు ఆగలేదు. జెండా లేవలేదు. ఖాళీ పిడి నీళ్ళ మీద కప్పలా గెంతుకుంటూ పోయింది. బోటు వెనక సీట్లోంచి అతను ఆ పిల్ల వైపే చూస్తున్నాడు, కళ్ళార్పకుండా. అతనికి ఎంత సంతోషమో అనుకున్నానని ఆ పిల్ల తరవాత చెప్పింది.

అవతలి ఒడ్డు దగ్గర మలుపు తిప్పుతూ డ్రైవరు ఖాళీ తాడు చూశాడు. "పడితే చెప్పవేం బాబాయ్" అని భుజం కదిపాడు. తరవాత ఇంకోసారి కదిపాడు.

వెనక్కి వచ్చి ఆ పిల్లను ఎక్కించుకునేసరికి చలికి పెదాలు నీలమయ్యాయి. ఇంకా ఏమీ తెలియదు తనకి. బోటు అంచు పట్టుకుని, "ఆరూ తిరిగాను, చూశారా?" అని అడిగింది.

డ్రైవరు నోట్లోంచి అలవాటు కొద్దీ, "బాబాయ్ చూశాడుగా" అని వచ్చేసింది.

అతని భార్యకు కబురు వెళ్ళింది. ఇస్త్రీ పని మధ్యలో వచ్చింది, చేతికి వేడి తగలకుండా చుట్టుకున్న గుడ్డ అలాగే ఉంది. రేవు మీద పడుకోబెట్టిన మనిషి పక్కన కూర్చుని, చొక్కా ముడతలు అరచేత్తో సాఫు చేసింది. ఏడవలేదు. డ్రైవరు వైపు తిరిగింది.

"ఈయన ఒకసారి నీళ్ళ మీద నిలబడ్డాననేవాడు. నిజమేనా?"

డ్రైవరు తల దించుకున్నాడు. "అప్పటికి నేను లేను పిన్నీ."

మర్నాడు పోటీ కాగితం మీద యజమాని స్వయంగా రాశాడు. ఆరు బంతులూ తిరిగినట్టు అద్దంలో స్పష్టంగా కనబడిందని రాసి, కింద సంతకం పెట్టాడు. ఆ పిల్ల కాగితం తీసుకుని, చదవకుండా మడిచి, వాళ్ళ నాన్న చేతికిచ్చింది.

మెకానిక్కు నాలుగు బోల్టులూ విప్పి సీటు పీకాడు. బోటులో మిగిలిన నాలుగు చిల్లుల్లో లప్పం కూరాడు. సీటు పారెయ్యడానికి మనసొప్పక రేవు మొదట్లో, టికెట్ల కిటికీ ఎదురుగా పెట్టారు. ఇప్పుడు వచ్చేవాళ్ళు దాని మీద కూర్చుని బూట్లు విప్పుకుంటారు. తిరిగి వెళ్ళేటప్పుడు తడి బట్టలతో అక్కడే కూర్చుని, ఎవరు ఎలా పడ్డారో చెప్పుకుని నవ్వుకుంటారు. సీటు కింద క్లిప్పులో నారింజ జెండా, బట్టతలాయన్ని పైకి లాగాక అతను గట్టిగా చుట్టి రబ్బరుబ్యాండు వేసి పెట్టినట్టే, ఇంకా ఉంది.