నీకోసమే ఇస్త్రీ బల్ల

"నీకోసమే బుక్ చేశాను," అన్నాడాయన, ఫోను తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టి. తెర మీద ఇస్త్రీ బల్ల బొమ్మ. దాని పక్కన సన్నటి అమ్మాయి ఒకతె, ఇస్త్రీ పెట్టె పట్టుకోవడమే జన్మకి భాగ్యమన్నట్టు నవ్వుతూ నిలబడి ఉంది. "నేలమీద వంగి చేస్తే నీ నడుం పోతుంది. ఇది ఎత్తు కూడా మార్చుకోవచ్చట. డబ్బు కట్టేశాను. సాయంత్రం వెళ్ళి తెచ్చుకోవడమే నీ పని."

పెద్దకోడలు గిన్నె తోముతున్న చెయ్యి ఆపకుండానే తల ఊపింది. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది, ఆమె తలే సగానికి పైగా నెరిసింది, అయినా ఆ ఇంట్లో ఆమె ఇంకా పెద్దకోడలే. ఇన్నేళ్ళలో ఆమె ఇస్త్రీ పెట్టె పట్టుకున్న రోజులు తక్కువ. వంట, గిన్నెలు, బజారు ఆమెవి. ఉతుకు, ఇస్త్రీ, ఇల్లు తుడవడం తోడికోడలివి. అలా అని ఎవరూ పంచిపెట్టలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరి చేతికి ఏది అందితే అది చేశారు, తర్వాత అదే ఖాయమైపోయింది. ఇప్పుడు తోడికోడలు వెళ్ళిపోతోంది. ఇంట్లో ఇంత పెద్ద ఖాళీ ఏర్పడబోతుంటే మగవాళ్ళ కంటికి అందులో చొక్కాలు మాత్రమే కనిపించాయి.

వెళ్ళిపోతోందంటే పుట్టింటికి కాదు, కూతురి పురిటికీ కాదు. ఉద్యోగానికి. వేరే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ పని. మాట మొదటిసారి బయటికి వచ్చినప్పుడు మరిది నవ్వాడు. "యాభై దాటాక నీకెవరిస్తారే ఉద్యోగం?"

"ఇచ్చారు," అంది తోడికోడలు, ఆయన చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడుపుతూనే.

నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఇక్కడ నీకేం తక్కువైంది?" అన్నాడు. ఆమె నిజంగానే ఆలోచించింది. చొక్కా మడత పెట్టేదాకా ఆలోచించి, "ఏమోనండి, అక్కడికి వెళ్తేగాని తెలీదు," అంది.

ఆ తర్వాత మరిది అలిగాడు, అరిచాడు, అన్నం మానేశాడు, మానేసిన పూటే రాత్రి లేచి వంటింట్లో గిన్నెలు వెతుక్కున్నాడు. పెద్దకోడలి భర్త మాత్రం అరవలేదు. ఆయన ఏనాడూ గొంతు పెంచిన మనిషి కాడు. "మీ ఆయన బంగారం," అని పక్కింటావిడ ఇప్పటికీ అంటుంది. అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన మెల్లగా తేల్చేశాడు. "ఆపడానికి మనమెవరం? వెళ్ళనీండి. కాని స్టేషన్‌కి ఎవరూ వెళ్ళక్కర్లేదు. సాగనంపితే ఒప్పుకున్నట్టే." ఆ మాట ఎవరివైపూ చూడకుండా అన్నాడు. వడ్డిస్తున్న పెద్దకోడలితో విడిగా ఏమీ అనలేదు.

 కాని ఈ ఉదయం ఆమె తన మంచి బట్టల జత తీసి తోడికోడలి ముందు పెట్టింది. "ఇవి కూడా ఒకసారి చేసిపెట్టవే. ఆఖరుసారి."

తోడికోడలికి అర్థమైంది. "నువ్వు రాకక్కా. వస్తే రేపట్నుంచి మాటలు పడాల్సింది నువ్వు."

"పడతాన్లే. ఈసారి వస్తాను."

పేపరు చదువుతున్న ఆయన తలెత్తి చూశాడు. "ఏంటి, ఎక్కడికో ప్రయాణంలా ఉందే?" అని నవ్వాడు. "ఎక్కడికీ లేదు," అందామె. ఆయన మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయాడు. ఇస్త్రీ బల్ల బొమ్మ చూపించింది ఆ తర్వాతే.

ఈసారి అని ఆమె ఎందుకందో తోడికోడలికి తెలుసు. ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలీదు. పెద్దకోడలికి తన జీవితంలో ఎవరినీ సరిగ్గా సాగనంపిన జ్ఞాపకం లేదు. కూతురు పెళ్ళయి అత్తారింటికి బయల్దేరినప్పుడు ఆమె సామాన్ల గదిలో పెద్ద డబ్బా మూత కోసం వెతుకుతోంది. మూత దొరికి బయటికి వచ్చేసరికి వీధిలో కారు లేదు. తల్లి తట్టుకోలేక లోపల ఏడుస్తోందనుకున్నారు అందరూ. మూత చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషిని పట్టుకుని ఓదార్చారు. తన తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడూ అంతే. మామగారికి అన్నం పెట్టి, ఆయన పడుకున్నాక బయల్దేరింది. వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు. అప్పట్నుంచి ఎవరు ఏ ఊరు వెళ్తున్నారన్నా ఆమెకు అరికాళ్ళు చల్లబడతాయి. పక్కింటి పిల్లలు సెలవులకి వెళ్తున్నా సరే, బండి కదిలేదాకా కిటికీ దగ్గరే తచ్చాడుతుంది.

దుకాణం నుంచి వచ్చిన మెసేజ్ ఆయన ఆమె ఫోనుకి పంపాడు. ఐదున్నర నుంచి ఆరున్నర మధ్యలో వచ్చి తీసుకోవాలి. తోడికోడలి రైలు ఆరున్నరకి. పెద్దకోడలు మనసులో అటూ ఇటూ లెక్కలు వేసుకుంది. ముందే వెళ్ళి నిలబడితే తొందరగా ఇచ్చేస్తారు, అక్కడి నుంచి స్టేషన్ ఎంత దూరమని? బల్లతోనే వెళ్ళొచ్చు. ఇస్త్రీ బల్ల చంకలో పెట్టుకుని సాగనంపడానికి వచ్చిన మనిషిని చూసి తోడికోడలు ఏమంటుందో ఊహించుకుంటే ఆ కంగారులోనూ నవ్వొచ్చింది.

బుక్ చేసిన సరుకు ఇచ్చే కౌంటర్ ఆ దుకాణంలో ఎక్కడో చిట్టచివర ఉంది. అక్కడికి చేరాలంటే కుక్కర్లూ, పరుపులూ, గోడ గడియారాలూ అన్నీ దాటుకుంటూ పోవాలి. అన్ని గడియారాలూ ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తున్నాయి. అందులో ఏది నిజమో తెలీక ఆమెకు మరింత కంగారు పుట్టింది. కౌంటర్లో ఒకే అమ్మాయి, ఒకే కంప్యూటరు. ముందు బెంచీ నిండా జనం. గోడ మీద ఎర్ర అంకెలు మారుతున్నాయి, మారనప్పుడు అసలు మారడం లేదు.

"కుర్చీ ఇచ్చారండీ, దాని కాళ్ళు రేపొస్తాయట," అన్నాడు పక్కన కూర్చున్న పెద్దమనిషి, అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని. "అందాకా నేల మీద పెట్టుకుని కూర్చోవాలి కాబోలు."

"మాకు నీలం సైకిల్ అన్నారు, గులాబీది ఇచ్చారు," అంది వెనకనుంచి ఎవరో ఆవిడ. "మావాడు ఎక్కనని భీష్మించుకున్నాడు. మా ఆయన మటుకు ఫోన్లో రెండు నొక్కులు నొక్కి నాకేదో పెద్ద సాయం చేసినట్టు కూర్చున్నాడు. తిరగడం నేను."

"మీ ఆయనా అంతేనా?" అన్నట్టు చూసింది పెద్దకోడలివైపు. ఆమె నవ్వలేక నవ్వింది. నడుము నిటారుగా పెట్టి బెంచీ అంచు మీద కూర్చుంది, పూర్తిగా కూర్చుంటే టైము ఇంకా పోతుందన్నట్టు. సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. లేచింది, కూర్చుంది. ఈపాటికి తోడికోడలు ఇల్లు దాటి ఉంటుంది. బట్టల పెట్టె తనే మోసుకుని ఉంటుంది. వీధి మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి చూసి ఉంటుందా? చూస్తే గుమ్మంలో ఎవరు కనపడి ఉంటారు?

ఫోను మోగింది. ఆయనే.

"ఇచ్చారా?"

"ఇంకా లేదు. లైను చాలా ఉంది."

"ఫర్వాలేదు, కంగారు పడకు. నిదానంగానే రా. టీ నేను పెట్టుకున్నాలే."

టీ తనే పెట్టుకున్నాడు! ఆమె ఫోను సంచీలో వేసుకుంటూ ఆ మాట దగ్గరే ఆగింది. టీ నీళ్ళు ఎక్కడ కాగుతాయో కూడా అడిగి తెలుసుకునే మనిషి.  ఎర్ర అంకె మారింది. ఆమెదే.

కౌంటర్ అమ్మాయి కోడ్ కొట్టి, తెర చూసి, నొసలు ముడిచింది. "ఇది రేపటిది కదా... ఓహో, మార్చారు. అందుకే ఇంకా కిందికి దించలేదాంటీ. పై గోడౌన్లో ఉంది. మనిషిని పంపిస్తా, ఇంకో అరగంట కూర్చోండి."

"మార్చారా? ఎవరమ్మా మార్చింది? మీరేనా?"

"మేం మార్చలేమండీ. ఏ టైముకి వస్తామో బుక్ చేసినవాళ్ళే పెట్టుకుంటారు. ముందు రేపు పొద్దుటికి పెట్టారు. ఇవాళ పొద్దున మళ్ళీ తెరిచి ఈ సాయంత్రానికి మార్చారు. మీవాళ్ళే." ఆ పిల్ల మంచిది. పెద్దావిడ ముఖం చూసి ఇంకో మాట కలిపింది. "అసలు తొందరేం లేదాంటీ. టైము దాటినా వారం దాకా పక్కన పెట్టే ఉంచుతాం."

పెద్దకోడలు కౌంటర్ అంచు పట్టుకుంది. ముందు ఆయన్ని వెనకేసుకురావడానికే ప్రయత్నించింది. అలవాటైన పని కదా. రేపు ఇంకేదో పని ఉండి మార్చి ఉంటాడు. పొరపాటున నొక్కి ఉంటాడు. రైలు టైము ఆయనకు గుర్తుండకపోవచ్చు. కాని ఆ టైము ఇంట్లో ఎన్నిసార్లు అరుపుల మధ్య నలిగిందో ఆమెకు తెలుసు. మంచి బట్టలు ఇస్త్రీకి పెట్టింది పొద్దున. ఎక్కడికో ప్రయాణంలా ఉందే అన్నది పొద్దున. బల్ల టైము మార్చింది పొద్దున. వెళ్ళొద్దు అని ఒక్క మాట అంటే ఆమె ఎందుకు వెళ్ళకూడదని అడిగి ఉండేది. జన్మలో మొదటిసారి అడిగి ఉండేదేమో. అందుకే ఆయన వద్దనలేదు. పని చెప్పాడు. నీకోసమే అన్నాడు.

అప్పుడు ఆమెకు ఒక గొంతు వినిపించింది. ఇన్నేళ్ళూ ఆ డబ్బా మూత గుర్తుంది, సామాన్ల గదిలో చీకటి గుర్తుంది, చేతికంటిన దుమ్ము గుర్తుంది. మూత వెతకమన్నది ఎవరో మాత్రం ఏనాడూ గుర్తు చేసుకోలేదు. "ఒకసారి ఆ పెద్ద డబ్బా మూత ఎక్కడుందో చూడవూ?" మెల్లటి గొంతు. గొంతు పెంచని మనిషి గొంతు. "నాన్నగారు భోంచేసి పడుకున్నాక వెళ్దువుగానిలే, ఆసుపత్రి ఎక్కడికి పోతుంది?" అన్నదీ అదే. రెండుసార్లూ తర్వాత ఆమె కళ్ళు తుడిచింది కూడా ఆయనే. "చూస్తే నువ్వు తట్టుకోలేవు. నీ సంగతి నాకు తెలీదా?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అది ప్రేమేనని ఆయన నమ్మకం. ఇంతకాలం ఆమెదీ అదే నమ్మకం. తను ఎవరి దగ్గర ఎంతసేపు ఏడవాలో, అసలు ఏడవాలో వద్దో, ఇంకొకరు ముందే చూసుకుని ఏదో ఒక పని అడ్డం పెడుతూ వచ్చారని ఏ ఆడది అనుకుంటుంది? పని చెప్పినప్పుడు చెయ్యడమే తెలుసు. పని వెనక ఏముందో తొంగి చూసే తీరిక ఎప్పుడుంది?

"మనిషిని పంపించమంటారా ఆంటీ?"

"వద్దమ్మా."

"మరి బల్ల?"

"బుక్ చేసినాయన వచ్చి తీసుకుంటాడు."

"మీ నంబరు వదిలేస్తున్నారా?" అని కుర్చీ పెద్దమనిషి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అమ్మాయ్, అయితే ముందు నా కాళ్ళ సంగతి చూడు!"

బెంచీ అంతా నవ్వింది. పెద్దకోడలు అప్పటికే పరుపులు దాటింది. గడియారాలవైపు చూడలేదు. బయట బస్సు కోసం నిలబడింది, నిలబడలేకపోయింది. నడక మొదలుపెట్టింది. నడకలోంచి ఎప్పుడు పరుగులోకి వెళ్ళిందో తెలీదు. ఈ వయసులో రోడ్డు మీద పరుగెత్తే ఆడదాన్ని జనం ఆగి చూశారు, ఏదో కొంప మునిగిందనుకుని దారిచ్చారు. ఊపిరి అందలేదు. పక్కటెముకల్లో పోటు. రైలు కదిలిపోయి ఉంటే? పోయి ఉంటే ఖాళీ పట్టాలైనా చూసి వస్తాను, ఖాళీ అయినా నా కళ్ళతో నేనే చూస్తాను అనుకుంది. సంచీలో ఫోను మోగుతూనే ఉంది. తియ్యలేదు.

రైలు ఉంది. జనంలోంచి తోసుకుంటూ ఒక్కో పెట్టె కిటికీలోకి చూసుకుంటూ పోయింది. ఒక కిటికీ దగ్గర తోడికోడలు ఎటూ చూడకుండా, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరూ రారని నిశ్చయం చేసుకున్న మనిషి కూర్చునే తీరు అది.

"ఒసేయ్!"

తోడికోడలు ఉలిక్కిపడింది. తర్వాత ముఖమంతా ఒక్కసారి విచ్చుకుంది, వెంటనే ముడుచుకుంది. "అక్కా! అంత ఆయాసమేంటి? పరుగెత్తావా? చచ్చిపోతే?"

"చావను. ఉండు, ఊపిరి తీసుకోనీ." కిటికీ ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టింది. తోడికోడలు రెండు చేతులతో పట్టుకుంది. ఒకరి చేతులకు గిన్నెల గరుకు, ఇంకొకరి చేతులకు ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలు.  

"ఇంట్లో ఏం చెప్పి వచ్చావు?"

"ఏం చెప్పలేదు. వెళ్ళాక చెప్తా."

"ఏమని?"

"నిన్ను సాగనంపి వచ్చానని."

రైలు కూత వేసింది. తోడికోడలికి ఇప్పుడు కళ్ళు నిండాయి. అవి దాచుకోవడానికి గబగబా తనకు తెలిసిన మాటలు పట్టుకుంది. "అక్కా, బావగారి తెల్ల చొక్కాలకి ముందు నీళ్ళు చల్లి చుట్టిపెట్టు. ఆ పెట్టె ఎడమవైపు ఎక్కువ వేడెక్కుతుంది, చూసుకో. కాలరు ఎప్పుడూ వెనకనుంచి..."

రైలు పెట్టెలు ఒకదాన్నొకటి లాక్కుని కదిలాయి. పట్టుకున్న చెయ్యి సాగింది. పెద్దకోడలు కిటికీతో పాటు నడిచింది, వేగంగా నడిచింది. చెయ్యి జారిపోయాక జీవితంలో ఎన్నడూ పెంచనంత గొంతు పెంచింది. ప్లాట్‌ఫారం మీద జనమంతా తిరిగి చూశారు.

"నాకు చెప్పకే! నేను నేర్చుకోను!"