ఏడు పాటలు, ఒక మైకు

తన పాటలు రికార్డు చేయించుకోవడానికి పోతున్న రోజు కూడా వనజాక్షి అయిదింటికే లేచి, సంగటి గెలికి, పప్పు చేసి, మొగుడికి క్యారియరు కట్టాల్సి వచ్చింది. పాడేది ఆమె, ఆకలయ్యేది ఆయనకు! గార్లదిన్నె నుంచి అనంతపురం ఎంత దూరమని? అయినా చంద్రమోహన్ మాస్టారు బయటి తిండి ముట్టరు. ముట్టరు గానీ, ఇంటి తిండి ఎలా తయారవుతుందో ఈ పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా వంటింట్లోకి తొంగిచూసిన పాపాన పోలేదు.

ఆ ఏడు పాటలూ వనజాక్షివి. బట్టలుతుకుతూ కట్టుకున్నవి, పిల్లల పాత నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాల మీద రాసుకున్నవి. ఆయన చేసిందల్లా అడుగున తన సంతకం గీకడం. "నేను దిద్దకుంటే అవి పాటలా? ఆడోళ్ళ సణుగుడు" అన్నాడు మొదటిసారి. అత్త రామలక్ష్మమ్మ అందుకుంది. "రాసేకి నా కొడుకు, పాడేకి నువ్వు. ఇంగేం గావల్లమ్మా నీకు?" ఆమె పాడే సభల్లో రిథం ప్యాడు దడదడలాడుతుంటే పాటలో మాట ఒక్కటీ ఎవరికీ వినపడేది కాదు. ఇక దిద్దానన్న మహానుభావుడు ఏ పాటనూ రెండు లైన్లు దాటి చదవలేదని వనజాక్షికి బాగా తెలుసు.

ఇన్నాళ్ళూ పోనీలే అనుకుంది. ఇప్పుడు పోనీలే అంటే కుదరదు. ఈ పాటలు ఊరూరా ఫోన్లలోకి పోతాయి. రాసింది ఫలానా అని ఒకసారి జనం నోట పడితే, కాదు నేనని తర్వాత ఎవరికని చెప్పుకుంటుంది?

పియానో వాయించేది సారా. చర్చిలో నేర్చుకుని, పదేళ్ళు బెంగుళూరు హోటళ్ళలో జాజ్ వాయించి, తల్లి సుంకమ్మకు మోకాళ్ళు పట్టేశాయని అనంతపురం తిరిగొచ్చింది. రికార్డింగు కూడా వాళ్ళింటి ముందుగదిలోనే. "వనజక్కా, ప్యాడ్లొద్దు, కోరస్సొద్దు. నీ గొంతు, నా పియానో, ఒగే మైకు. అంతే" అంది.

"తబలా గూడా లేకుంటే ఎవురింటారమ్మా?" అన్నాడు చంద్రమోహన్, కుర్చీలో కాలు మీద కాలేసుకుని. చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపితే, విసరమన్నట్టు పెళ్ళాం వైపు చూశాడు. ప్రతి పాటకూ ముందు పాట పేరు, రాసినవాళ్ళ పేరు మైకులో చెప్పాలని సారా అనగానే మాత్రం చెంగున లేచొచ్చాడు. "రచన, చంద్రమోహన్." మూడు పాటలకు మూడుసార్లు, గొంతు సవరించుకుని మరీ చెప్పాడు. సిగ్గుండాలి కదా మనిషికి! వనజాక్షికి కోపం కూడా రాలేదు.

సారా వాయింపు మొదట్లో ఆమెకు తప్పులా వినిపించింది. పాట వెంట పరుగెత్తదు. మాట అయ్యేదాకా ఆగి, అనుకోని స్వరం ఒకటి మెల్లగా నొక్కి వదిలేస్తుంది. ఆ ఖాళీలో మాట ఒక్కటే నిలబడుతుంది. తన మాట తనకే అంత స్పష్టంగా వినపడటం వనజాక్షికి ఇదే మొదలు. నాలుగోది ఏది పాడాలో అప్పుడే తేల్చుకుంది. ఆయన పేరు చెప్పేకి లేచేలోపే ఎత్తుకుంది.

"తువ్వాలు యాడంటాడు, తలకాడే ఉండాది,
చెంబేదే అంటాడు, చేతికాడే ఉండాది,
తిన్న చెయ్యి తీసి నా కొంగుకే తుడిసినాడు,
సభకు పోయి ఆడదాని గొప్పలే సెప్పినాడు."

గడప దగ్గర కూర్చున్న సుంకమ్మ పకపకా నవ్వింది. "యమ్మా, ఈ మొగోడు మా ఇంట్లో గూడా ఉండె గదే!"

చంద్రమోహన్ ముఖం మాడిపోయింది. మొన్న మహిళా దినోత్సవానికి గంటసేపు ఉపన్యాసం దంచి, శాలువా కప్పించుకుని వచ్చిన మనిషాయె.

"ఎవురి మీద రాసినారు సార్ ఇది?" సారా నిజంగానే అడిగింది.

"నేను... ఇది నేను రాయలేదు. ఆయమ్మే ఏందో గీకింది. దీనికి తబలా ఎయ్యల్ల, గట్టిగా."

"అయితే ఇది నాది" అంది వనజాక్షి.

"ఈ ఒక్కటి పెట్టుకో పో. కడమ ఆరూ నావి."

ఎంత దయ! తిట్టున్న పాట ఆమెది, చప్పట్లున్నవి ఆయనవి. వనజాక్షి మైకు ముందు నుంచి పక్కకు జరిగింది. "రాండి. ఆ ఆరింట్లో ఏదన్నా ఒగదాన్ది రెండో చరణం చెప్పండి. పాడొద్దు, చెప్తే చాలు. మూడు ఇప్పుడే విన్నారు గూడా. చెప్పినారంటే అన్నీ మీవే."

ఆయన వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. పైకప్పు కేసి చూశాడు. పెదాలు కదిలాయి గానీ ఏమీ రాలేదు. ఆయన ఊపిరి, వీధిలో పోతున్న ఆటో, సుంకమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గిన దగ్గు, అన్నీ మైకులోకి పోతున్నాయి. సారా ఆపేద్దామని చెయ్యి చాపింది.

"ఆపొద్దు సారా" అంది వనజాక్షి. "ఇది గూడా రికార్డులో పెడదాం. ఇదొక్కటే అచ్చంగా ఆయన రాసింది."